ఒకే పొయ్యి మీద వెయ్యి ఆటలు

చదరంగం బల్ల మీద ఎవర్ట్ గుర్రాన్ని వెనక్కి తెచ్చి గడియారం నొక్కాడు. రైండర్ ఆ ఎత్తుని కీబోర్డు మీద కొట్టి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇక అతనికి పని లేదు. యంత్రం ఆలోచించాలి, అతను కూర్చోవాలి. రూలు అది. ఎదుటివాళ్ళు వేసిన ఎత్తు యంత్రానికి చెప్పొచ్చు, యంత్రం చూపించిన ఎత్తు బల్ల మీద వేయొచ్చు, గడియారం నొక్కొచ్చు. అంతకు మించి దేన్నీ తాకకూడదు. ప్రోగ్రామ్ రాసింది అతనే, కాని ఈ హాల్లో అతను దానికి చెయ్యి మాత్రమే. ఎదురుగా కూర్చున్న ఎవర్ట్ కూడా చెయ్యే, పైగా తనది కాని ప్రోగ్రామ్‌కి. అలోంద్రా అనే ఆ ప్రోగ్రామ్ జరగోజాలో ఉండే ఒక స్పెయిన్ ఆయనది. ఆయనకి సెలవు దొరకలేదు, డిస్కు పోస్టులో పంపించాడు, నడిపేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని పోటీ నిర్వాహకులు అడిగితే ఎవర్ట్ చెయ్యెత్తాడు. చివరి రౌండులో రెండు ప్రోగ్రాములకీ జత పడింది. రెండేళ్ళుగా మాటల్లేని ఇద్దర్ని ఒక బల్లకి అటూ ఇటూ కూర్చోబెట్టింది పాయింట్ల పట్టిక. ఎవరినీ అనడానికి లేదు.

బయట లైడెన్‌లో వాన పడుతోంది. లోపల తడి కోట్ల వాసన, ఫ్యాన్ల మోత, బల్ల బల్లకీ ఇద్దరు మనుషులు, రెండు తెరలు. రైండర్ ఎడమ మోకాలు ఆగడం లేదు. ఆపాడు. మళ్ళీ మొదలైంది. కుర్చీ కింద సంచీలో ప్రొజెక్టరు మీద పెట్టే షీట్లు ఉన్నాయి. కాలు తగిలినప్పుడల్లా చప్పుడవుతున్నాయి. ఐదింటికి, ఆటలన్నీ అయ్యాక, బహుమతులకి ముందు, అతను ఈ హాల్లోనే నిలబడి అందరికీ ఒక విషయం చెప్పాలి. చదరంగం ఆడే యంత్రం తనకిచ్చిన సమయాన్ని ఎలా ఖర్చు పెట్టాలి అన్నది విషయం. మొదటి షీటు మీద ఒకటే వాక్యం ఉంది: వెయ్యి ఆటలు ఆడించి చూశాను. మిగతా షీట్లు ఆ వాక్యం మీద నిలబడ్డాయి. షీట్లు రాసేటప్పుడు ఎవర్ట్ హాల్లో ఉంటాడని అనుకోలేదు. ఉంటే ఏం, అనుకున్నాడు శుక్రవారం సాయంత్రం గుమ్మంలో అతని నీలం కోటు చూసినప్పుడు, ఉంటే ఏం, అంకెలు అంకెలే, కోటు చూసి మారవు. మూడు రోజులుగా అదే అనుకుంటున్నాడు. ఇన్నిసార్లు అనుకోవాల్సి వస్తోందంటే ఏదో ఉంది.

"ఎంత తిరుగుతోంది?" అన్నాడు ఎవర్ట్.

ఈ బల్లల దగ్గర అందరూ అడుక్కునే ప్రశ్నే. సెకనుకి ఎన్ని స్థితులు చూస్తోంది అని. ఆట మొదట్లో చెయ్యి కలిపి హలో అన్నాక ఎవర్ట్ మాట్లాడిన మొదటి మాట.

"రెండు లక్షలు."

"పాత కంప్యూటర్ పెట్టేనా?"

"పాతదే."

"బాగుంది. నాదీ అంతే ఉండేది."

"నీది లక్ష," అన్నాడు రైండర్. అనకుండా ఉండాల్సింది. కాని అంకె తప్పుగా ఎవరన్నా ఊరుకోలేడు, బస్సుల ఆఫీసులో కూడా అందరికీ అదే బాధ అతనితో.

"మీ అటక మీద లక్ష," అన్నాడు ఎవర్ట్. "మా ఇంట్లో రెండు." లేచి కుర్చీ వెనక్కి జరిపాడు. "కాఫీ తెస్తాను. పాలతోనేగా?"

పాలతోనే. చక్కెర లేకుండా. గుర్తుంది అతనికి. మర్చిపోయి ఉంటే బాగుండేది, మర్చిపోయిన మనిషి ఎదురుగా కూర్చోవడం తేలిక. రైండర్ తెర వైపు చూశాడు. అతని ప్రోగ్రామ్ టుర్ఫ్ తన పని తాను చేసుకుపోతోంది. ఆ పేరు పెట్టింది ఎవర్టే. టుర్ఫ్ అంటే వాళ్ళ తాతలు డ్రెంటె చిత్తడి నేలలోంచి తవ్వి, ఎండబెట్టి, చలికాలం పొయ్యిలో వేసుకున్న మట్టి. మన దగ్గర పండేది ఇంకేముందిరా, అదే పెడదాం, అన్నాడు. అన్నప్పుడు రైండర్ నోరు తెరుచుకుని ఉంది, జవాబు చెప్పే వీల్లేదు, కింది దవడ మొద్దుబారి ఉంది, ఎందుకంటే ఎవర్ట్ పళ్ళ డాక్టరు, వాళ్ళ స్నేహం సగం ఆ కుర్చీలోనే నడిచింది. ఎవర్ట్ పన్ను తొలుస్తూ చదరంగం మాట్లాడేవాడు. రైండర్ ఆఁ అనేవాడు. అసెన్ ఊళ్ళో ఎవర్ట్ దగ్గరికి వెళ్ళాలంటే మధ్యాహ్నం సెలవు పెట్టుకుని వెళ్ళాలి అని పేరు. పదింటికి రమ్మంటాడు, పదకొండు అవుతుంది. నొప్పి లేని పన్నుకి రెండు నిమిషాలు, నొప్పి ఉన్న పన్నుకి ఎంతసేపైనా. ముందు మనిషి పన్ను మొరాయిస్తే బయట ఆరుగురు పాత పత్రికలు తిరగేస్తూ కూర్చోవలసిందే. రైండర్ ఆ గదిలో గోడ గడియారం కింద కూర్చుని ఉడికిపోయేవాడు. అతని ఉద్యోగం బస్సుల టైములు వేయడం. ఏ స్టాపుకి ఎన్ని నిమిషాలో ముందే రాసి ఉంటుంది, ఎవరో పరిగెత్తుకొస్తున్నారని బస్సు ఆగదు, ఆగితే వెనక స్టాపుల్లో వానలో నిలబడ్డవాళ్ళ గతేమిటి. ఇలాంటి ఇద్దరు కలిసి ప్రోగ్రామ్ రాశారు. ఎత్తులు వెతికే భాగం రైండర్‌ది. ఏ ఎత్తుకి ఎంతసేపు ఆలోచించాలో తేల్చే భాగం ఎవర్ట్‌ది. ఎవర్ట్ దాన్ని అచ్చం తన కుర్చీలాగే రాశాడు. తేలిక ఎత్తు వెంటనే వేసెయ్యి. లోపల ఏదో సలుపుతోందని అనుమానం వస్తే కదలకు, గడియారం చూడకు, తవ్వు.

టుర్ఫ్ ఎత్తు చూపించింది. రైండర్ శకటుని జరిపి గడియారం నొక్కాడు. ఎవర్ట్ ఇంకా కాఫీ వరసలోనే ఉన్నాడు. అతను వచ్చి ఈ ఎత్తుని అలోంద్రాకి చెప్పేదాకా అలోంద్రా టైము ఊరికే పోతుంది. గడియారం తిప్పి ఆపొచ్చు, కొందరు మర్యాదకి ఆపుతారు. ఆపనా? రూలు ప్రకారం ఆపక్కర్లేదు. ఎవర్ట్ నాకైతే ఆపేవాడు. రైండర్ ఆపాడు. ఆపాక కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

ఎవర్ట్ రెండు కప్పులతో వచ్చాడు. సాసర్లో ఒక స్పెక్యులాస్ బిస్కెట్టు, సింటర్‌క్లాస్ పండగ దగ్గరపడుతోంది కనక కొట్ల నిండా అవే. ఆగి ఉన్న గడియారం చూశాడు, ఎత్తు కొట్టి, గడియారం మళ్ళీ నడిపించి కూర్చున్నాడు. అలోంద్రా ఆలోచనలో పడింది. స్పెయిన్ ఆయన ప్రోగ్రామ్‌కి ఉన్నట్టుండి అలా మునిగిపోయే అలవాటుంది, మొదటి రౌండు నుంచీ అందరూ చూస్తున్నారు. వాన చప్పుడు పెరిగింది. రైండర్ బిస్కెట్టు రెండు ముక్కలు చేసి, ఒకటి సాసర్లో పెట్టి, మళ్ళీ దాన్ని రెండు చేశాడు.

మీ అటక మీద లక్ష, మా ఇంట్లో రెండు. ఎందుకన్నాడా మాట. గొడవైన రోజున కూడా అన్నాడు. రెండేళ్ళ కిందట ఒక ఆదివారం, రైండర్ వంటింట్లో, అతని భార్య ఫెన్నా బఠానీ సూపు పెట్టి చెల్లెలింటికి వెళ్ళింది. సూపు మధ్యలో రైండర్ చెప్పాడు, పరీక్ష అయిపోయిందని, కొత్తది గెలిచిందని. కొత్తదంటే సమయం భాగం తను మళ్ళీ రాసినది, ప్రతి ఎత్తుకీ నిమిషాల వాటా ముందే కట్టి, వాటా అవగానే వేసెయ్యాలి, సలుపు గిలుపు లేదు. పాతదానితో కొత్తదాన్ని అటక మీద కంప్యూటర్లో వారాల తరబడి ఆడించాడు. పొద్దున ఆఫీసుకెళ్ళేటప్పుడు మొదలుపెట్టి, సాయంత్రం కోటు విప్పకుండా నిచ్చెనెక్కి చూసేవాడు. వెయ్యి ఆటల్లో కొత్తదానికి ఆరువందల పైన వచ్చాయి. "నీ భాగం తీసేస్తున్నాన్రా," అన్నాడు. అంత తేలిగ్గా. సూపులో చెంచా పెట్టి. "దానికి వేగమే లేదు. సెకనుకి లక్ష. నాది రెండు లక్షలు."

"మా ఇంట్లో నాదీ రెండు వస్తోంది," అన్నాడు ఎవర్ట్.

"ఎన్ని ఆటలు?"

ఆ మాట రైండర్‌కి ఊతపదం. ఎవరేం చెప్పినా అదే అడిగేవాడు. కొత్త టూత్‌పేస్టు బాగుందన్నా ఎన్ని పళ్ళ మీద చూశావురా అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు.

"పదకొండు," అన్నాడు ఎవర్ట్. "ఒకసారికి ఒకదాన్నే నడిపి పదకొండు ఆడించా. నాదే కాస్త మెరుగ్గా ఉంది."

"పదకొండు ఆటలంటే పరీక్ష కాదురా. వాన. పడితే పడుతుంది, లేకపోతే లేదు."

అప్పుడు కూడా ఎవరో ఒకరు నవ్వాలి. ఎవర్ట్ నవ్వలేదు. సూపు పూర్తిగా తాగాడు, గిన్నె కడిగి బోర్లించాడు, నీలం కోటు తొడుక్కున్నాడు. తన భాగం లేకపోతే తన పేరెందుకు, తీసెయ్యి, అన్నాడు గుమ్మంలో. రైండర్ తీసేశాడు. ప్రోగ్రామ్ తెరుచుకోగానే కనిపించే రెండు పేర్లలో ఒకటి తీయడానికి ఒక వరస చెరిపితే చాలు. అది చెరిపిన తరవాత రెండేళ్ళు పన్ను నొప్పి వస్తే వేరే ఊరికి వెళ్ళాడు. అక్కడ డాక్టరు పదింటికి రమ్మంటే పదింటికే చూసేవాడు. ఆయన చూసిన రెండు పళ్ళూ మళ్ళీ చూపించుకోవాల్సి వచ్చింది. రెండు పళ్ళు చూసి ఏం తేలుస్తాం.

కాని అంకె. అంకె వదలడం లేదు. ఒకే పెట్టె. అతని పెట్టే ఎవర్ట్ పెట్టే ఒకే రోజు ఒకే కొట్లో కొన్నవి, లోపల మర కూడా తేడా లేదు, కొట్టువాడు కవలలు సార్ అన్నాడు. ఒకే ప్రోగ్రామ్. అతనింట్లో రెండు లక్షలు, నా అటక మీద లక్ష. అబద్ధం చెప్పాడనుకున్నాను అప్పట్లో. అనుకున్నానా? లేదు, అబద్ధమని కూడా అనుకోలేదు, అంకె తప్పు చదివాడనుకున్నాను. పళ్ళ డాక్టరు, అంకెలు అతని పని కాదు. దుమ్ము పట్టి ఉంటుందా నా పెట్టెకి? దుమ్ము పడితే నాది మాత్రం రెండు లక్షలు ఎలా వస్తుంది అదే పెట్టెలో. అటక మీద వేడా? నవంబరులో వేడేమిటి. ఒకే పెట్టెలో, ఒకే గంటలో, నాది రెండు, అతనిది ఒకటి. అతని భాగం బరువు, లెక్కలు ఎక్కువ, అందుకే నెమ్మది, అని ఫెన్నాకి కూడా చెప్పాను. బరువైతే అతనింట్లోనూ బరువే కదా. అక్కడ తేలికై, నా అటక ఎక్కగానే బరువెక్కదు కదా. మోకాలు మళ్ళీ ఆడుతోంది. బల్ల మీద కాఫీ వణుకుతోంది. ఎవర్ట్ కప్పు వైపు చూశాడు, మోకాలి వైపు చూశాడు, కిటికీ వైపు తిరిగాడు. అలోంద్రా ఇంకా మునిగే ఉంది. టుర్ఫ్ ఫ్యాన్ మోగుతూనే ఉంది. తన వంతు కాదు, అయినా పని ఆపలేదు. ఆపదు. ఎదుటివాళ్ళ టైములో కూడా ఆలోచిస్తూ ఉండాలని అతనే రాశాడు. వాళ్ళేం వేస్తారో ఊహించి, దానికి జవాబు వెతుకుతూ, వాళ్ళు వేసేదాకా వెతుకుతూనే. ఎవర్ట్ రాసినది అలా కాదు. ఊహించినదానికి జవాబు దొరకగానే ఆగి పడుకునేది. దానిమీద కూడా వాదించుకున్నారు. "దొరికాక ఇంకా నమలడం దేనికిరా, పళ్ళరుగుతాయి," అనేవాడు ఎవర్ట్. "స్టాపులో నిలబడ్డా డ్రైవరు జీతం ఆగదురా," అనేవాడు రైండర్.

పడుకునేది. అతనిది పడుకునేది.

ఎందుకో ఫెన్నా గొంతు వినిపించింది. ఇంకో ఆదివారం. ఓవెన్‌లో ఆపిల్ పై, కింద వాషింగ్ మెషీను, పైన అటక మీద ఆట. ఇంట్లో కరెంటు పోయింది. పాత ఇల్లు, ఓవెనుకీ వాషింగ్ మెషీనుకీ ఒకటే ఫ్యూజు. రైండర్ నిచ్చెన మీంచి దూకినంత పని చేసి వంటింట్లోకి వచ్చాడు. ఆట మధ్యలో పోయింది, రాత్రంతా ఆడించినవి ఉన్నాయో లేదో తెలియదు. "ఒకే లైను మీద రెండు వేస్తారా ఎవరైనా? ఎన్నిసార్లు చెప్పాలి? ఒకటి పూర్తిగా ఆపి ఇంకొకటి వెయ్యాలి!" ఫెన్నా చేతులు పిండితో ఉన్నాయి. "అయితే చెప్పు. పై తింటావా, చొక్కా ఉతికించుకుంటావా? ఏదో ఒకటే." అతను ఫ్యూజు వేసి, మళ్ళీ నిచ్చెనెక్కి, ఒకే యంత్రం మీద రెండు ప్రోగ్రాములు మళ్ళీ మొదలుపెట్టాడు.

రైండర్ మోకాలు ఆగింది.

ఒకే పొయ్యి. రెండు గిన్నెలు. అతని వంతు వచ్చినప్పుడు నాది ఆగదు, నములుతూనే ఉంటుంది. మంటలో సగం లాగేస్తుంది. అతనికి సగమే మిగులుతుంది, లక్ష. నా వంతు వచ్చినప్పుడు అతనిది జవాబు దొరికి పడుకుని ఉంటుంది, పొయ్యి మొత్తం నాదే, రెండు లక్షలు. అతనింట్లో ఒకసారికి ఒకటే నడిచింది, అందుకే అక్కడ రెండు. గడియారం మాత్రం ఇద్దరికీ ఒకేలా తిరుగుతుంది. గడియారానికి ఏం తెలుసు. నిమిషానికి నిమిషం కోసేస్తుంది. అతని నిమిషంలో అర నిమిషమే ఉంది లోపల. సలుపు వచ్చినప్పుడు ఆగి తవ్వమని అతను రాస్తే, ఆగింది, తవ్వింది, సగం పారతో తవ్వింది, టైము మొత్తం కట్టింది. నేను అంకె చూసి నెమ్మది అన్నాను. వెయ్యిసార్లు. ఒక ఆటలో జరిగిన తప్పయితే పది ఆటల్లో తెలిసిపోయేది, వెయ్యి ఆటల్లోనూ అదే తప్పు జరిగితే అది తప్పులా ఉండదు, నిజంలా ఉంటుంది. ఎన్ని ఆటలు, ఎన్ని ఆటలు అని అడుగుతూ వచ్చాను, ఎన్ని పెట్టెలు అని ఒక్కరినీ అడగలేదు. నన్నూ ఎవరూ అడగలేదు. షీట్ల మీద ఎక్కడా రాయలేదు. అక్కర్లేదనిపించింది. ఐదింటికి అవి వెలుతురులో పెడతాను, ఈ బల్లల దగ్గరున్నవాళ్ళంతా రాసుకుంటారు, ఇంటికెళ్ళి తమ ప్రోగ్రాముల్లో ఎవర్ట్‌లాంటి భాగాలన్నీ పీకేస్తారు. వెయ్యి ఆటలంటే ఎవరు కాదంటారు.

అలోంద్రా తేలింది. ఎవర్ట్ ఎత్తు వేశాడు. గుర్రం మళ్ళీ ముందుకి, రాజు ఉన్న వైపు. రైండర్ దాన్ని కీబోర్డు మీద కొట్టాడు.

టుర్ఫ్ ఈ ఎత్తుని ఊహించలేదు. మొదటి నుంచి మొదలుపెట్టింది. తెర మీద ఒక వరస వచ్చింది: ఏనుగుతో మూల బంటుని కొట్టు, పావు బంటు విలువ మనకే మిగులు. ఇంకా లోతుకి వెళ్ళింది. అదే ఎత్తు, కాస్త తక్కువ మిగులు. ఇంకా లోతుకి. అదే ఎత్తు, మిగులేమీ లేదు. రైండర్ మంచి ఆటగాడేం కాదు, బల్ల చూస్తే అతనికి ఏమీ తెలియదు, కాని ఆ వరసలు చదవడం తెలుసు. ఒక్కో మెట్టు దిగిన కొద్దీ కింద నీళ్ళు కనిపిస్తున్నాయి. ఇంకో మెట్టు దిగితే ఆ బంటు ఎర అని తేలుతుంది, ఇంకొకటి దిగితే వేరే ఎత్తు దొరుకుతుందేమో. ఆ మెట్టు మీద కాలు పెట్టింది కూడా. టైము ఉంది. గడియారంలో ఇరవై నిమిషాలు ఎక్కువే ఉంది, ఎత్తు ఎత్తుకీ మిగిల్చి దాచింది, అతను నేర్పినట్టే. కాని ఈ ఎత్తు వాటా అయిపోవస్తోంది. వాటా అయిపోతే బస్సు కదులుతుంది.

పాత భాగం ఇంకా లోపలే ఉంది. తీసేశానని చెప్పాడు గాని చెరపలేదు, పక్కకి పెట్టాడు. కీబోర్డు పైన ఎఫ్ వరసలో ఒక మీట నొక్కితే సమయం పెత్తనం ఎవర్ట్ భాగానికి వెళ్ళిపోతుంది. ఒక్క మీట. రూలు ఒప్పుకోదు, ఆట మధ్యలో ఏదీ మార్చకూడదు. కాని ఎవరు చూస్తారు. నిర్వాహకురాలు అవతల బల్ల దగ్గర ఎవరికో ఏదో విడమరుస్తోంది. ఎవర్ట్ కిటికీలోంచి వాన చూస్తున్నాడు. కావాలనే చూస్తున్నాడా? తెరలో ఏం జరుగుతోందో నా మొహంలో చదివి అటు తిరిగాడా? నొక్కితే టుర్ఫ్ ఆగుతుంది, తవ్వుతుంది, బంటుని వదిలేస్తుంది, ఆట నిలబడుతుంది. ఎవర్ట్ భాగమే కాపాడుతుంది, ఎవర్ట్ ఎదురుగానే, అతనికి తెలియకుండా. అతనిదే గెలిచినట్టు కదా. వేలు మీట మీదికి వెళ్ళింది. దుమ్ము తగిలింది. అటక మీద అతని టైము దొంగిలించాను, తెలియక. ఇప్పుడు తెలిసి అతని కోసం దొంగిలించాలా. వేలు వెనక్కి తీశాడు. ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇంకో మెట్టు, అన్నాడు లోపల, యంత్రంతో, అది వినదని తెలిసి. ఒక్క మెట్టు. ఆగరా.

తెర నిలిచిపోయింది. ఏనుగుతో మూల బంటుని కొట్టు.

రైండర్ ఏనుగుని ఎత్తాడు. చెయ్యి మాత్రమే, చెయ్యికి అభిప్రాయం ఉండకూడదు. బంటుని తీసి పక్కన పెట్టి, దాని చోట ఏనుగుని నిలబెట్టాడు. చెయ్యి గడియారం దాకా వెళ్ళింది. ఆగింది.

"ఆ వెయ్యి ఆటలూ దండగ," అన్నాడు.

ఎవర్ట్ కిటికీ నుంచి తిరిగాడు. బల్ల చూశాడు, బంటుని చూశాడు. "గడియారం నొక్కు. నీ టైము పోతోంది."

"పోనీ. ఇరవై నిమిషాలు దాచి పెట్టింది, ఏం చేసుకుంటుంది. ఒకే పెట్టెలో రెండూ ఆడించాను. నీది పడుకునేది. నాది నమిలేది. నీ వంతు వచ్చేసరికి నీకు సగం పెట్టే ఉండేది."

ఎవర్ట్ కప్పు అడుగున మిగిలిన కాఫీని తిప్పాడు. "ఎప్పుడు తెలిసింది?"

"ఇప్పుడే. నీకు?"

"ఆ రోజే అనుమానం. తరవాత మా వాడి పెట్టె తెచ్చి, రెండూ విడివిడిగా ఆడించా."

"మరి చెప్పలేదేం?"

"ఎన్ని ఆటలని అడుగుతావని."

"ఎన్ని ఆడిం..." అని నాలిక కరుచుకున్నాడు రైండర్.

ఎవర్ట్ నవ్వాడు. ముందు ముక్కులోంచి, తరవాత నోరు తెరిచి. పక్క బల్ల వాళ్ళు తిరిగి చూశారు. నిర్వాహకురాలు కళ్ళజోడు మీంచి చూసి వేలు పెదాల మీద పెట్టింది. గడియారం రైండర్ వైపే నడుస్తోంది.

"ఐదింటికి చెప్పేస్తాను," అన్నాడు రైండర్ గొంతు తగ్గించి. "అందరి ముందూ. నీ భాగమే మేలని."

"ఎన్ని ఆటలు చూసి చెప్తావ్రా?"

"ఒకటి. ఇదే. ఇంకా అవలేదు కూడా."

"ఒక ఆట పరీక్ష కాదురా," అన్నాడు ఎవర్ట్. "వాన."

రైండర్ సాసర్లో మిగిలిన బిస్కెట్టు ముక్కని వేలితో అటూ ఇటూ నెట్టాడు. దాన్ని ఎవర్ట్ తీసుకుని నోట్లో వేసుకున్నాడు.

"మరి ఏం చెప్పమంటావ్?"

"పొయ్యి సంగతి చెప్పు. ఎవడూ ఒకే పెట్టెలో రెండు ఆడించొద్దని చెప్పు. నా సంగతి వెయ్యి అయ్యాక చెబుదువు గాని."

"ఏ వెయ్యి?"

"నీ పెట్టొకటి, నా పెట్టొకటి," అన్నాడు ఎవర్ట్ నములుతూ. "ఫెన్నాని అడుగు, అటక మీద ఇంకో బల్లకి చోటుందేమో. నొక్కరా ముందు, ఈ స్పెయిన్ వాడు నీ ఏనుగుని తినేస్తాడు, చూడాలని ఉంది నాకు."

రైండర్ గడియారం నొక్కాడు.